దానమ్మ నోట్లో నిప్పు

పొగ తాగేవాళ్ల చేత పొగ మానిపించడానికి పళ్ల డాక్టరుని మించినవాళ్లు లేరని రాజధానిలో ఒక పెద్దమనిషికి తోచింది. తోచడంలో తప్పేమీ లేదు. ఆలోచిస్తే సబబైన మాటే. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మొహం మీద దీపం పెట్టి, నోట్లో చెయ్యి పెట్టి, ఎదురు చెప్పే వీల్లేకుండా బుద్ధులు చెప్పగలిగే ఉద్యోగం భూప్రపంచంలో ఇంకోటి లేదు. పైగా పొగాకు చేసే నష్టం ముందుగా కంటబడేదీ నోట్లోనే. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ పెద్దమనిషి అక్కడితో ఆగి భోజనానికి వెళ్లిపోయి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఆయన ఆగలేదు. ఆలోచనకి 'ధూమ విముక్త దంత మహోద్యమం' అని పేరు పెట్టాడు. పేరంటూ వచ్చాక దానికో ఆఫీసు వచ్చింది, ఆఫీసుకో సంయుక్త సంచాలకుడు వచ్చాడు, ఆయనకో కారు వచ్చింది, కారు తిరగడానికి జిల్లాలు ఎలాగూ ఉన్నాయి. సంచాలకుడి పేరు చిదానందం గారు. ఆయన 'ఆర్పేద్దాం' అనే యాప్ ఒకటి తయారు చేయించి, రాష్ట్రంలో ఉన్న ప్రతి సర్కారు పళ్ల డాక్టరు చేతిలోనూ ఒక ట్యాబ్ పెట్టించారు. అలాంటి ట్యాబ్ ఒకటి దిబ్బలరేవు ఆసుపత్రిలో డాక్టర్ సీపాన హైమావతి చేతికి వచ్చింది.

దిబ్బలరేవు అంటే సముద్రం, సముద్రాన్ని ఆనుకుని చేపల సంత, సంత పక్కన బస్టాండు, బస్టాండు ఎదురుగా ఆసుపత్రి. అంతే ఊరు. ఆసుపత్రి వరండా చివర పళ్ల గది. అందులో కుర్చీ వెనక్కి వాలుతుంది గాని మళ్లీ లేవదు, అటెండరు నూకరాజు వచ్చి భుజం పెట్టి లేపాలి. హైమావతి చేతి పని మంచిది. నొప్పి తెలియకుండా పన్ను తీస్తుందని సంతలో ఆడవాళ్లంతా చెప్పుకుంటారు. కానీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చెయ్యాల్సిన సంతకాల్లో ఆఖరిది చిదానందం గారిది. అందుచేత పైనుంచి ఏమొచ్చినా 'సరే సర్' అనెయ్యడం ఆ పిల్లకి అలవాటైపోయింది.

యాప్ పద్ధతి చాలా తేలిక. రోగి రాగానే అతను పొగ తాగుతుండగా ఒక ఫోటో తియ్యాలి. దాన్ని 'ముందు' అంటారు. బుద్ధులు చెప్పి మానిపించాక ఇంకో ఫోటో. అది 'తర్వాత'. 'ముందు' ఎక్కితేనే రోగికి ఒక నంబరు పుడుతుంది. ఆ నంబరుంటేనే పన్ను తియ్యాలి, మందివ్వాలి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపాలి. నంబరు లేని నోట్లో చెయ్యి పెట్టకూడదు. దొంగ ఫోటోలు ఎక్కకుండా చిదానందం గారు ఒక జాగ్రత్త కూడా చేశారు. ఫోటోలో మండుతున్న కొస కనబడకపోతే యాప్ ఒప్పుకోదు. 'ధూమపాయి అనగా వెలుగుచున్న కొసను నోటికి వెలుపల ఉంచుకొని పొగ పీల్చు వ్యక్తి' అని మార్గదర్శకాల్లో మొదటి వాక్యం.

మొదటి రోజు పొద్దున్నే వచ్చింది నరహరి మాస్టారు. హైస్కూల్లో తెలుగు చెబుతారు. దవడ పన్ను పుచ్చిపోయి, బుగ్గ వాచి, చెంపకి తువ్వాలు కట్టుకుని వచ్చారు. పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టని మనిషి. యాప్‌లో 'తాగుతున్నాను', 'మానేశాను' అని రెండే గడులున్నాయి. తాగనివాడికి గడి లేదు. హైమావతి ఊరికే ఒక ఫోటో తీసి చూసింది. ట్యాబ్ ఒక్క క్షణం ఆలోచించి, 'నిప్పు కనబడలేదు. రోగిని వెలిగించి మరల ప్రయత్నించండి' అంది.

ఆమె చిదానందం గారికి ఫోను చేసింది.

"చూడండి డాక్టర్, ఈ విషయంలో ప్రభుత్వానికి చాలా స్పష్టమైన వైఖరి ఉంది," అన్నారాయన. "తాగనివాడు మానలేడు. మానలేనివాడు ఉద్యమ పరిధిలోకి రాడు. కానీ అతగాడి పన్ను మీ పరిధిలో ఉంది. కాబట్టి మనిషిని కూడా పరిధిలోకి తీసుకురావలసిన బాధ్యత మీ మీద ఉంది. తగు చర్య తీసుకోండి."

"అంటే సర్, ఆయన చేత తాగించమంటారా?"

"నేనలా అనలేదు. తాగించడం నిషిద్ధం. అయితే తాగితే గాని మాన్పించలేరు. ఈ రెంటినీ సమన్వయపరచండి."

"సరే సర్," అంది హైమావతి.

నూకరాజు సమన్వయపరిచాడు. ఎదురుగా బడ్డీ కొట్టుకెళ్లి ఒక బీడీ తెచ్చాడు. మాస్టారిని వరండాలో 'ఇచ్చట పొగ త్రాగరాదు' అన్న బోర్డు కింద నిలబెట్టాడు. వెలుతురు అక్కడే బాగుంటుందిట. మాస్టారు ఒక దమ్ము లాగి, కళ్ల నీళ్లు పెట్టుకుని, పేగులు నోటికొచ్చేలా దగ్గారు. ట్యాబ్ సంతోషించింది. నంబరు పుట్టింది. మాస్టారు బీడీ పారేసి 'తర్వాత' ఫోటో కూడా దిగి, పన్ను పీకించుకుని వెళ్లిపోయారు. ప్రభుత్వం లెక్కలో ఒక మనిషి పొగ మానేశాడు.

అక్కణ్ణించి అదే పద్ధతి అయిపోయింది. పన్ను నొప్పితో వచ్చినవాడు ముందు బడ్డీ కొట్టుకి, తర్వాత బోర్డు కిందికి, ఆ తర్వాతే కుర్చీలోకి. చిగుళ్ల నుంచి రక్తం కారుతుందని వచ్చిన కొత్త పెళ్లికొడుకూ వెలిగించాడు, కట్టుడు పళ్లు బిగుసుకుపోయాయని వచ్చిన పూజారి గారూ దేవుడికి దణ్ణం పెట్టుకుని వెలిగించారు. బడ్డీ కొట్టువాడు ఆసుపత్రి గోడ దాకా రేకులు దింపుకున్నాడు. వరండాలో కమ్మిన పొగకి పక్క గదిలో ఉబ్బసం రోగులు తువ్వాళ్లు అడ్డం పెట్టుకున్నారు. అన్ని ఊళ్ల కంటే ఎక్కువ మందిని మానిపించిన ఘనత దిబ్బలరేవుకే దక్కింది. ఇంతమంది ధూమపాయిలను గుర్తించిన కేంద్రం రాష్ట్రంలో మరొకటి లేదని చిదానందం గారు ప్రశంసాపత్రం పంపించారు. జిల్లాలో ఉత్తమంగా మానిన వ్యక్తిగా నరహరి మాస్టారికి శాలువా కప్పారు. మాస్టారు దండతో సహా వేదిక వెనక్కెళ్లి, చాటుగా ఒకటి వెలిగించుకున్నారు. పాపం, ఆ ఒక్క దమ్మూ ఆయనకి ఎక్కడో నచ్చింది.

హైమావతికి అన్నం సహించడం మానేసింది. ఇంటికెళ్లి చీర విప్పితే పొగ కంపు. నేను నేర్చుకున్న చదువేమిటి, చేస్తున్న పనేమిటని అద్దం ముందు నిలబడి తనని తానే తిట్టుకునేది. పొద్దున్నే ఫోను మోగితే మళ్లీ 'సరే సర్' అనేది.

అలాంటి రోజుల్లో మైలపల్లి దానమ్మ వచ్చింది.

దానమ్మ చేపల సంతలో ఎండు చేపలమ్ముతుంది. అరవై దాటిన మనిషి, గొంతెత్తితే పడవల దాకా వినిపిస్తుంది. వచ్చీ రావడంతోనే కుర్చీ ఎక్కి కూర్చుని, "డాకటేరమ్మా, పులుసన్నం తింటే నోరు బగ్గున మండిపోతంది. ఏటో సూసీసి మందిచ్చీ, సంతకెల్లిపోవాల," అంది.

హైమావతి నోరు తెరిపించింది. దీపం పైకి తిప్పింది. అంగిట్లో తెల్లగా దళసరిగా ఒక మచ్చ. మధ్యలో ఎర్రగా చిన్న పుండు.

"మామ్మా, నువ్వు చుట్ట తాగుతావా?"

"తాగుతాను. తాగనోలు ఎవులున్నారు మా ఏపు?"

"అడ్డపొగా?"

"మరింకేటి?" అంది దానమ్మ, ఇదో ప్రశ్నా అన్నట్టు.

అడ్డపొగ సంగతి ఆ తీరంలో అందరికీ తెలుసు. చుట్ట వెలిగించి, మండుతున్న కొసని నోట్లోకి పెట్టుకుని, పెదాలు బిగించి తాగుతారు. గట్టు మీద గాలికీ, తడి బుట్టలకీ చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ పనిలో ఉన్నా పడిపోదు. తల్లి తాగగా చూసి కూతురు నేర్చుకుంటుంది. పైకి చూస్తే నోట్లో చుట్ట మొదలు తప్ప ఏమీ కనబడదు. నిప్పంతా లోపలే ఉండి అంగిటిని కాలుస్తుంది. ఆ కాలిన చోటే హైమావతికి ఇప్పుడు కనబడుతున్నది. అది ఉత్త మచ్చే కావచ్చు, ప్రాణం మీదికి తెచ్చేదీ కావచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే గాని తెలియదు. ముక్క తియ్యాలంటే నంబరు కావాలి.

దానమ్మని బోర్డు కింద నిలబెట్టారు. ఆమె రొంటినుంచి చుట్ట తీసి, వెలిగించి, చటుక్కున తిప్పి నోట్లో పెట్టుకుంది. హైమావతి ఫోటో తీసింది.

'నిప్పు కనబడలేదు. రోగిని వెలిగించి మరల ప్రయత్నించండి.'

పక్కనుంచి తీసింది. కింద నుంచి తీసింది. దానమ్మ పెదాల సందుల్లోంచి పొగ వస్తూనే ఉంది, ట్యాబ్ నిప్పు కనబడలేదంటూనే ఉంది.

"మామ్మా, ఒక్కసారి నిప్పు బయటికి పెట్టి తాగవే," అని బతిమాలాడు నూకరాజు.

"ఛీ, ఏటి మాటలురా అయి? మొగోల్లాగ తాగమంటావేటి నన్ను?" అంది దానమ్మ. సంతలో ఎవరైనా చూస్తే ఇంకేమైనా ఉందా అని మొహం తిప్పేసుకుంది.

హైమావతి మళ్లీ ఫోను చేసింది. ఈసారి గొంతులో ఆత్రం దాచుకోలేకపోయింది. మచ్చ సంగతి చెప్పింది, ఆలస్యం చేస్తే ముప్పు కావచ్చని చెప్పింది. చిదానందం గారు ఓపిగ్గా విన్నారు.

"మార్గదర్శకాల ప్రకారం ఈ మహిళ ధూమపాయి కాదు," అన్నారు. "వెలుపల అని స్పష్టంగా ఉంది."

"తాగుతోంది సర్, నా కళ్లెదురుగా!"

"ఆవేశపడకండి. నోరు అనేది నాలుగు వైపులా మూసిన ప్రాంగణం. మూసిన ప్రాంగణంలో నిప్పు ఉన్నప్పుడు అది పొగకు సంబంధించిన అంశం కాదు, అగ్నికి సంబంధించిన అంశం. ఫైలును సంబంధిత శాఖకు బదలాయిస్తున్నాను."

ఇలా అన్నవాళ్లు ఆ మాట మర్చిపోవడం లోకంలో మామూలు. చిదానందం గారు మర్చిపోలేదు. వారం తిరక్కుండానే ఎర్ర బండి గంట మోగించుకుంటూ ఆసుపత్రిలోకి వచ్చేసింది. ఆసుపత్రి అంటుకుందనుకుని సంతలో జనం బుట్టలొదిలేసి పరిగెత్తుకొచ్చారు. బండిలోంచి అగ్నిమాపక అధికారి భైరవమూర్తి గారు టోపీ సర్దుకుంటూ దిగి, "ప్రాంగణం ఏదీ?" అనడిగారు.

మందు కోసం మళ్లీ వచ్చి కుర్చీలో ఉన్న దానమ్మని నూకరాజు చూపించాడు. భైరవమూర్తి గారు నిష్ఠ గల మనిషి. ఆశ్చర్యపోవడం తన విధుల్లో లేదు. టార్చి వేసి దానమ్మ నోట్లోకి నాలుగు వైపులా చూశారు. టేపు పెట్టి వెడల్పు కొలిచారు.

"రాకపోకలకు ఒకటే దారి. అత్యవసర ద్వారం లేదు," అన్నారు.

"ముక్కుందండి," అన్నాడు నూకరాజు.

"ముక్కు వెంటిలేషన్ కిందికి వస్తుంది. ద్వారం కిందికి రాదు." ఆయన మళ్లీ వంగి చూశారు. "ప్రాంగణంలో తేమ ఉంది. అది మంచిదే. మండే స్వభావం గల సామగ్రి ఏమైనా నిలవ ఉంచుతావా?"

"సుట్టలెడతాను, అన్నమెడతాను. ఇంకేటెడతాను బాబూ నోట్లో?" అంది దానమ్మ, నోరు తెరిచే.

"గతంలో ఈ ప్రాంగణంలో అగ్నిప్రమాదాలు?"

దానమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. "మా ఆడబొడుసుతో దెబ్బలాట అప్పుడు నా నోట్లోంచి నిప్పులు రాలినాయనీసి ఊరంతా సెప్పుకున్నారు. అది కాకపోతే మరేటీ నేదు."

ఆయన అదీ రాసుకున్నారు. చివరికి, తేమ పుష్కలంగా ఉన్నందున సదరు ప్రాంగణంలో నిప్పు నిర్వహించుకొనుటకు తమ శాఖకు అభ్యంతరం లేదని ధ్రువపత్రం ఇచ్చారు. దాన్ని ప్రాంగణం గుమ్మానికి అందరికీ కనబడేలా తగిలించాలట.

"ఎలగెలగా? పెదాలకి ఏలాడేసుకోమంటావేటి బాబూ?" అంది దానమ్మ. వరండాలో జనం పకపకా నవ్వారు. దానమ్మ కూడా నవ్వి, నవ్వలేక అంగిలి మండి మొహం చిట్లించింది. ఎర్ర బండి గంట మోగించుకుంటూ వెళ్లిపోయింది. నోట్లో నిప్పు పెట్టుకోవచ్చని సర్కారే కాగితం ఇచ్చేసిందని సాయంత్రానికి సంతంతా పాకిపోయింది.

జనం పోయాక హైమావతి గది తలుపు వేసింది. ఒళ్లు మండిపోతోంది ఆమెకి. ట్యాబ్‌ని బోర్లించి సొరుగులో పడేసింది. "మామ్మా, ఇలా రా. నీ నోరు నువ్వెప్పుడైనా చూసుకున్నావా?" అనడిగింది.

"నోరెవులు సూసుకుంటారమ్మా?"

చేతికో అద్దం ఇచ్చి, చిన్న అద్దం తను నోట్లో పెట్టి, దీపం అంగిటి మీదికి తిప్పింది. దానమ్మ చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదేటి, కాలిపోన గోడలాగ," అంది చివరికి. అద్దం దించి, కొంగుతో పెదాలు తుడుచుకుంది. "మా అమ్మకీ ఇలగే మండీది. ఆఖర్న గంజి కూడా మింగనేకపోనాది. సేపముల్లు గుచ్చుకుందనుకున్నాం. మాకేటి తెలుసమ్మా?"

హైమావతి బుద్ధులేమీ చెప్పలేదు. స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చుంది. ఏ వేళప్పుడు మొదటి చుట్ట వెలిగిస్తావని అడిగింది. తెల్లారకట్ల పడవలొచ్చేవేళ గట్టు మీద అంది దానమ్మ. ఆ వేళప్పుడు నోట్లో ఇంకేదైనా పెట్టుకోగలవా అని అడిగింది. తాగాలనిపించిన ప్రతిసారీ కాసేపు ఆపి చూడు, ఆ కోరిక అలలాగే వచ్చి పోతుంది అని చెప్పింది. అల సంగతి దానమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. కుర్చీలోంచి లేచి, నూకరాజు భుజం పెడుతుండగా, "గంగమ్మ పండగ్గాణ్ణుంచి మానీత్తాను. నీ మీదొట్టు డాకటేరమ్మా," అంది.

మానింది. ఎంత కష్టపడి మానిందో సంతలో వాళ్లనడగాలి. ఎండబెట్టిన ఉసిరి ముక్కలు రొంటిన కట్టుకుని రోజంతా బుగ్గన పెట్టుకునేది. మొదట్లో బేరాలకొచ్చినవాళ్లని తిట్టిపోసింది. తోటి ఆడవాళ్లు ఏడిపించారు. ఇంటికెళ్లి పాత చుట్టలన్నీ సముద్రంలో పారేసి, మళ్లీ వెళ్లి ఇసకలో వెతుక్కుని, తన మీద తనకే కోపమొచ్చి ఏడిచింది. రెండు రోజులకోసారి ఆసుపత్రికొచ్చి హైమావతి ముందు నోరు తెరిచేది. మచ్చ అలాగే ఉంది. నంబరూ రాలేదు. ముక్క తియ్యకుండా ఒక్కో రోజూ గడుస్తుంటే హైమావతికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం ఒక పక్క, ఆ ఎర్రటి పుండు ఒక పక్క. తన పిరికితనాన్ని చూసి తనకే అసహ్యం వేసేది.

ఇంతలో చిదానందం గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఉద్యమానికి గోడపత్రికలు వేస్తున్నారట. వాటి మీద పొగ మానిన మత్స్యకార మహిళ ఒకామె కావాలట. దిబ్బలరేవులో దానమ్మ అనే ఆమె మానేసినట్టు ఎవరో చెప్పారట. ఫోటోగ్రాఫరు, ఇద్దరు గుమాస్తాలు, ఒక పూలగుత్తితో సహా ఆయన పళ్ల గదిలోకి వచ్చారు. దానమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని కూర్చుంది.

"అమ్మా దానమ్మా, నీ మానడాన్ని ప్రభుత్వం గుర్తించదలుచుకుంది," అన్నారు చిదానందం గారు. "అయితే 'తర్వాత' అనేది ఉండాలంటే 'ముందు' ఉండాలి. నీకు 'ముందు' లేదు. కాబట్టి ఇప్పుడు ఒక్క చుట్ట తాగాలి. నిప్పు బయటికి ఉంచి. ఒక్క దమ్ము చాలు."

"మానీసినాను గద బాబూ," అంది దానమ్మ.

"అనధికారికంగా మానావు. అది చెల్లదు. ముందు తాగి, తర్వాత సక్రమంగా మాను."

గుమాస్తా ఒకడు చుట్ట తీసి వెలిగించి ఆమె ముందు పెట్టాడు. గదంతా ఆ వాసన కమ్మింది. దానమ్మ ముక్కుపుటాలు అదిరాయి. ఉసిరి ముక్క నములుతున్న దవడ ఆగిపోయింది. చెయ్యి తనంతట తనే కాస్త పైకి లేచింది.

దానమ్మ చుట్టకేసి చూడలేదు, హైమావతికేసి చూసింది. "నూకరాజు సెప్పినాడు. ఈ బాబు సంతకం పెట్టకపోతే నీ ఉద్దోగం ఉండదంట గదా. ఒక్కటే గదేటి డాకటేరమ్మా? నీకోసం తాగీమంటే తాగీత్తాను. మల్లీ మానీసుకుంటాను. ఎంత ఏడిసైనా మానీసుకుంటాను."

హైమావతికి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తన ఉద్యోగం కోసం ఆ మనిషి నోట్లో మళ్లీ నిప్పు పెట్టుకుంటానంటోంది. ఇంక ఆగలేకపోయింది. చుట్టని గుమాస్తా చేతిలోంచి లాక్కుని కుర్చీ పక్కనున్న ఉమ్ము తొట్టిలో ముంచేసింది. అది చుయ్యిమంది.

"వద్దు సర్," అంది. ఆ గదిలో ఆ మాట అనడం ఆమెకదే మొదలు.

చిదానందం గారు గొంతు సవరించుకున్నారు. "ఆలోచించి మాట్లాడండి డాక్టర్. 'ముందు' లేకపోతే ఈమె ధూమపాయి కాదు. ధూమపాయి కానందున మానినట్టు కాదు. తాగనివాళ్లకి గడి మన దగ్గర లేదు. ఇంక ఉద్యమం దృష్టిలో ఈమె ఉన్నట్టే కాదు."

"నిజమేనా సర్? ఈమె లేనట్టేనా?"

"ముమ్మాటికీ లేనట్టే."

"అయితే ఈమెకి నేనేం చేసినా మీకు పట్టింపు ఉండకూడదు కదండీ," అంది హైమావతి. "నూకరాజూ, కుర్చీ వాల్చు. మామ్మా, నోరు తెరువు. సూది కాస్త చురుక్కుమంటుంది."

నూకరాజు కుర్చీ వాల్చాడు. ఇంత ఉత్సాహంగా ఆ కుర్చీని ముట్టుకోవడం అతని సర్వీసులో లేదు. చిదానందం గారు, ఫోటోగ్రాఫరు, గుమాస్తాలు చూస్తుండగానే, అంగిట్లోంచి మినపగింజంత ముక్క తీసింది. ముక్కని మందు సీసాలో వేసి మూత బిగించింది. లేని మనిషికి చేస్తున్న వైద్యాన్ని ఆపమనడానికి ఏ నిబంధన కింద వీలుందో చిదానందం గారికి తట్టలేదు. గుమాస్తాలు కాగితాలు తిరగేస్తూ ఉండిపోయారు. పూలగుత్తితో ఏం చెయ్యాలో తెలియక, చిదానందం గారు దాన్ని నూకరాజు చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

హైమావతి మర్నాడే సెలవు పెట్టి, సీసా సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. తను చదువుకున్న కాలేజీకి వెళ్లి, పాత మేష్టారి చేతిలో పెట్టి, ఫలితం వచ్చేదాకా అక్కడి మెట్ల మీదే పడిగాపులు పడింది. ముదరలేదు, సమయానికి తీశావు, ఆమె మానేసింది కాబట్టి నయమవుతుంది అన్నారాయన. హైమావతి మెట్ల మీద కూర్చుని, దారిన పోయే విద్యార్థులు చూస్తున్నా లెక్క చెయ్యకుండా భోరుమని ఏడ్చింది. తర్వాత లేచి రెండు ప్లేట్ల ఇడ్లీ తింది.

సర్కారు కోపం రావడానికి కూడా తగిన వ్యవధి కావాలి. వానలు వెనకబట్టి, చలిగాలులు మొదలయ్యాక మెమో వచ్చింది. అది వచ్చేవేళకి పళ్ల గది ముందు వరండా నిండా సంత ఆడవాళ్లున్నారు. దానమ్మ బేరం మధ్యలో ఆపి మరీ ప్రతి ఒక్కరికీ నోరు తెరిచి చూపించి, అద్దంలో మీ నోరూ చూసుకోండే అని తిట్టి మరీ తోలుకొచ్చింది. వాళ్లలో ఒక్కరు కూడా ప్రభుత్వం లెక్క ప్రకారం పొగ తాగేవాళ్లు కారు.

హైమావతి కవరు చించి మెమో చదివింది. సర్వీసు ఖాయం చెయ్యడం వాయిదా వేశారు. 'ఉద్యమ రికార్డుల ప్రకారం ఉనికిలో లేని ఒక మహిళ నోటి నుండి అనధికారికంగా ముక్క సేకరించినందుకు' సంజాయిషీ అడిగారు.

"ఏటి రాసినారమ్మా?" అంది దానమ్మ, కుర్చీలోంచే. ఆ రోజు ఆమె తన నోరు చూపించుకోవడానికి కూడా వచ్చింది.

"నువ్వు లేవని రాశారు మామ్మా."

"నానా? నేకపోడమేటి?" అంది దానమ్మ. సంతంతా వినబడేలా అంది. "నాను నేకపోతే మరి నా నోట్లో మచ్చ ఎవులిదంట?"

హైమావతి దీపం తిప్పి, అంగిలి ఈ కొస నుంచి ఆ కొస దాకా నింపాదిగా చూసింది.

"అదీ లేదులే మామ్మా ఇప్పుడు," అంది.